ఫ్రేమంతా ఖాళీ ఉంటే ఫోటో అవుతుందా?

మధ్యలో చేరినవాళ్ళ కోసం ప్రశ్న క్లుప్తంగా మళ్ళీ చెప్తున్నాను. మీరు తీసిన ఫోటో ఇది: రాజమండ్రి దగ్గర గోదావరి, పుష్యమాసం పొగమంచు, ఒక నాటుపడవ, దాని మీద నిలబడి గెడ వేస్తున్న మనిషి. ఇదంతా ఫ్రేములో కుడివైపు కింది మూలన కాస్త చోటులో ఉంది, మిగతాదంతా తెలుపు. క్లబ్బులో పెద్దవాళ్ళు "ఇందులో ఏముందయ్యా?" అన్నారు, ఇంకొకాయన "అదే దీని అందం" అన్నాడు, ఇద్దరూ కారణం చెప్పలేదు. నెగటివ్ స్పేస్ (వస్తువు చుట్టూ కావాలని వదిలిన ఖాళీ) వాడిన మినిమలిస్ట్ ఫోటోలు, అంటే ఫ్రేములో వీలైనంత తక్కువ పెట్టి తీసినవి, చూసేవాళ్ళకి నిజంగా ఆసక్తి కలిగిస్తాయా, లేక తీయడం తేలిక కాబట్టి మనమే వాటికి పెద్ద పేరు తగిలించుకున్నామా అన్నది మీ ప్రశ్న.

ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. ఇలాంటి ఫోటోల్లో ఎక్కువ భాగం బోరే. క్లబ్ పోటీలకి జడ్జిగా కూర్చున్నప్పుడల్లా అవే వస్తుంటాయి: ఒంటరి చెట్టు, ఒంటరి కొంగ, ఒంటరి పడవ, తెల్ల గోడ ముందు గొడుగు పట్టుకున్న అమ్మాయి (గొడుగు ఎర్రదైతే ఇంకో రెండు మార్కులు గ్యారంటీ అని ఎవరో నేర్పినట్టున్నారు). కాసేపటికి ఏది ఎవరు తీశారో గుర్తుండదు. ఒక ఫోటోలో చెట్టు తీసి ఇంకోదాంట్లో పెట్టినా తీసినవాడు కూడా పట్టుకోలేడు. అలాగని ఇది మినిమలిజానికి మాత్రమే ఉన్న జబ్బేం కాదు, జాతరల్లో తీసిన ఫోటోల్లోనూ మంచివి తక్కువే. కాకపోతే జాతర ఫోటో కుదరకపోయినా కంటికి ఏదో ఒకటి దొరుకుతుంది, మూలన ఏడుస్తున్న పిల్లాడో, బుడగలమ్మేవాడో, జీళ్ళ కొట్టో. ఖాళీ ఫ్రేము కుదరలేదంటే ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని "తేలిక" అన్న మాట నేను ఒప్పుకోను, షట్టర్ నొక్కడం వరకే అది తేలిక.

ఇక మీ ఫోటో. ఇలాంటివి చూసినప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే, ఆ ఖాళీ అసలేమిటి? పొగమంచా, నీళ్ళా, ఎండ పడ్డ గోడా, చీకటా? పడవ ఎంత నిజమో, చుట్టూ ఉన్న తెలుపు కూడా ఆ పొద్దున అక్కడ అంత నిజంగా ఉందనిపించాలి. అది అనిపించకపోతే కాగితం మీద పడవ బొమ్మ కత్తిరించి అంటించినట్టే ఉంటుంది. మీరే రాశారు, ఎడమవైపు పైన ఆర్చి బ్రిడ్జి కమానులు రెండు మూడు లీలగా కనిపిస్తుంటే "డిస్టర్బింగ్‌గా ఉంది" అని ఫోనులోనే ఎరేజ్ చేసేశానని. నా ఉద్దేశంలో ఫోటో అక్కడే పోయింది. ఆ కమానులే కదా అది మంచు అని చెప్పేది! దగ్గరున్న పడవ నల్లగా, గట్టిగా ఉంది, దూరంగా ఉన్న బ్రిడ్జి సగం కరిగిపోయింది, ఆ రెండింటి మధ్య ఎంత గాలి ఉందో, ఎంత తేమ ఉందో కన్ను తనంతట తనే లెక్క కట్టుకుంటుంది. పైగా అది రాజమండ్రి అని, అక్కడ గోదావరి దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పని తెలిసినవాడికి ఆ తెలుపు వెనక ఎంత నీరు దాగుందో ఒక్కసారిగా తోస్తుంది. కమానులు చెరిపేశాక అది ఏ ఊరిదైనా కావచ్చు, ఏ చెరువైనా కావచ్చు, స్టూడియోలో తెల్ల కాగితమైనా కావచ్చు. మీ పెద్దవాళ్ళు "ఏముంది" అన్నది ఈ చెరిపేసిన దాన్ని చూసే. వాళ్ళ తీర్పు నాకు నచ్చకపోయినా ప్రశ్న మాత్రం సరైనదే.

"మరి ఆండ్రియాస్ గుర్‌స్కీ కూడా చెరిపేశాడు కదా" అని ఎవరో అంటారు, అందుకే నేనే ఎత్తుతున్నాను. 1999లో ఈ జర్మన్ ఫోటోగ్రాఫర్ చేసిన రైన్ 2 అనే ఫోటో 2011 నవంబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 43 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది, అప్పటికి ఏ ఫోటోకీ అంత ధర రాలేదు. డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర రైన్ నది, ఇటు పచ్చిక, అటు పచ్చిక, పైన బూడిదరంగు ఆకాశం, అంతే. అవతలి ఒడ్డున ఉన్న పవర్ ప్లాంటుని కంప్యూటర్లో తీసేశాడు. కానీ ఆయనకి మిగిలింది ఏమిటో చూడండి. ఫ్రేము ఒక చివరి నుంచి ఇంకో చివరికి సాగే పట్టీలు, పచ్చ, బూడిద, పచ్చ, ఒక సన్నటి దారి. అక్కడ ఖాళీలో తేలుతున్న వస్తువేదీ లేదు, ఆ పట్టీలే వస్తువు. కట్టడం ఉండి ఉంటే పట్టీలు తెగేవి, కన్ను దాని దగ్గర ఆగిపోయేది. మీ ఫోటోలో అలాంటి పట్టీలు లేవు, పడవ ఉంది, అది దేనిలోంచి వస్తోందో తెలియాలి. చెరపడం తప్పని నేను అనడం లేదు, మీరు చెరిపింది ఆ ఫోటోకి ఆధారం అంటున్నాను. ధర సంగతి వదిలేయండి, వేలంలో ధర పలికిందల్లా గొప్పదైపోదు, ఆ ఫోటో మీద తిట్లు కూడా బాగానే పడ్డాయి.

పడవ గురించే అయితే ఇంకో ఉదాహరణ దీనికి బాగా అతుకుతుంది. మా యువాన్ అని దక్షిణ సోంగ్ కాలపు చైనా చిత్రకారుడు, 800 ఏళ్ళ కిందటివాడు. ఆయన పేరుతో ఉన్న ఒక పట్టు చిత్రం ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. చలికాలపు సరస్సు, ఒక చిన్న పడవ, ఒక చివర ముందుకు వంగి గాలం వేస్తున్న మనిషి, చుట్టూ నీళ్ళని చెప్పడానికి నాలుగైదు సన్నటి అల గీతలు. మిగతాదంతా ఉత్త పట్టుగుడ్డే. అయినా అది నీళ్ళని ఎవరికీ సందేహం రాదు, ఎందుకంటే మనిషి కూర్చున్న చివర కొంచెం దిగి, రెండో చివర కొంచెం లేచి ఉంటుంది. మనిషి బరువు పడవ మీద, పడవ బరువు నీళ్ళ మీద. గీయని నీటికి కూడా బరువొచ్చేసింది. మీ ఫోటోని నూరు శాతం జూమ్ చేసి చూశాను, గెడ నీళ్ళలో దిగిన చోట ఒక చిన్న వలయం ఉంది, పడవ నీడ కూడా కాస్త వణుకుతోంది. అవి బంగారం. ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) ఇంకొంచెం పెంచి ఉంటే అవి కూడా తెలుపులో కలిసిపోయేవి.

ఖాళీ అంటే తెలుపే అనుకోవడం కూడా మనవాళ్ళకి ఒక అలవాటైపోయింది. అమెరికా ఫోటోగ్రాఫర్ సాల్ లైటర్ 1958లో న్యూయార్క్‌లో తీసిన ఫోటో ఒకటుంది, దుకాణం ముందు కట్టిన పందిరిగుడ్డ ఫ్రేములో చాలా భాగాన్ని నల్లగా కప్పేస్తుంది, కింద మిగిలిన కాస్త జాగాలో మంచు కురుస్తున్న వీధి, మనుషులు. చూడగానే చూరు కింద నిలబడి బయటికి చూస్తున్నట్టే ఉంటుంది. ఆ నలుపుని క్రాప్ చేసేస్తే మామూలు వీధి ఫోటో మిగులుతుంది. ఫాన్ హో అనే ఫోటోగ్రాఫర్ 1954లో హాంకాంగ్‌లో తీసింది ఇంకో రకం, తెల్లటి పెద్ద గోడ, కింద మూలన తలవంచుకుని నిలబడ్డ అమ్మాయి, గోడ మీద కోణంగా పడుతున్న నల్లటి నీడ ఆమె పాదాల దాకా వస్తోంది. ఆ అమ్మాయి ఆయన బంధువు, ఆ నీడ డార్క్‌రూములో కలిపింది, అసలు గోడ మీద లేదు. యవ్వనం నిలవదన్న భావం కోసం కలిపానని ఆయనే చెప్పుకున్నాడు. భావం సంగతి ఎలా ఉన్నా, అక్కడ ఖాళీకి ఒక పని ఉంది, నీడ ఇంకా ముందుకొస్తే ఆ తెలుపంతా పోతుందని తెలుస్తుంటుంది. కాబట్టి పరీక్ష సులువు. ఖాళీని సగానికి క్రాప్ చేసి చూడండి. ఫోటో చెప్పే విషయం మారకపోతే ఆ సగం దండగ. మీ ఫోటో ఇప్పుడున్న రూపంలో ఎడమవైపు మూడో వంతు కోసేసినా నాకు ఏమీ తగ్గలేదు. బ్రిడ్జి తిరిగొస్తే కోయలేను.

ఇదంతా జపాన్ వాళ్ళ టేస్టు, మనకి పడదు అని ఒకాయన కింద రాశారు. సగం నిజం. మన కన్ను నిండుగా ఉన్నవాటి మీద పెరిగింది. గోపురం మీద బెత్తెడు చోటు వదలరు, శ్రీకాళహస్తి కలంకారీలో కథ అంచుల దాకా పాకుతుంది, ఇక మా సందు చివర పుట్టినరోజు ఫ్లెక్సీ సంగతి సరేసరి, అందులో నెగటివ్ స్పేస్ మిగిలిందంటే ఇంకో బావమరిది ఫోటో ఇరికిస్తారు. మన దేశపు కలర్ ఫోటోగ్రఫీలో రఘుబీర్ సింగ్ లాంటివాడు ఫ్రేములో నాలుగు మూలలా నాలుగు కథలు నడిపాడు, అది మన వీధికి సరిపోయే చూపే. కానీ ఇదే తెలుగువాళ్ళు వడ్డాది పాపయ్య రంగుల నిండుతనాన్నీ, బాపు నాలుగు గీతలనీ రెండింటినీ కళ్ళకద్దుకున్నారు కదా. బాపు బొమ్మలో జడ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది, వెనక గోడ గీయడు, కిటికీ గీయడు, అయినా ఇల్లుందని తెలుస్తుంది. ఫోటోలకే వస్తే నస్రీన్ మొహమ్మది ఉంది, బరోడాలో పాఠాలు చెప్పి 1990లో పోయింది. గీతలతో వేసిన డ్రాయింగులకే ఆమెకి పేరు. కానీ ఫతేపూర్ సిక్రీ రాతి నేలల్నీ, నీడల్నీ తీసిన ఫోటోలు చూస్తే వాటిలో ఎంత తక్కువ ఉంటుందో, ఎంతసేపు చూడబుద్ధేస్తుందో! బతికున్నప్పుడు వాటిని ప్రదర్శనకి కూడా పెట్టలేదు. కాబట్టి మనకి పడదు అన్న వాదన నిలవదు.

అసలు గొడవ చాలావరకు సైజుది, ఇది ఎవరూ మాట్లాడరు. మీ పడవ ఫ్రేము వెడల్పులో నలభయ్యో వంతు ఉంటుందనుకోండి. ఫోను తెర ఏడు సెంటీమీటర్లు, అంటే పడవ రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. దాన్ని వాట్సాప్‌లో పంపితే కుదింపులో గెడ కూడా పోతుంది, మీ పెద్దవాళ్ళకి కనిపించింది తెల్ల తెర మీద ఒక నలక. అదే 24 అంగుళాల ప్రింటులో పడవ ఒకటిన్నర సెంటీమీటర్లు, మనిషి భుజం వంపు కనిపిస్తుంది, గెడ కనిపిస్తుంది, వలయం కనిపిస్తుంది. రెండూ ఒకే ఫోటో కావు. అలాగని పెద్దది వేస్తేనే గొప్ప అని కాదు, మైకేల్ కెన్నా అని ఇంగ్లండులో పుట్టినాయన, జపాన్‌లోని హొక్కైడో మంచులో చెట్లనీ కంచెలనీ ఏళ్ళ తరబడి తీస్తున్నాడు, ఆయన ప్రింట్లు ఎక్కువగా ఎనిమిది అంగుళాల చదరం లోపే. కానీ ఆ ప్రింటుని గోడ దగ్గరికెళ్ళి జానెడు దూరం నుంచి చూడాలి, చూసేవాడు వంగక తప్పదు. ఫోనులో ఎవరూ వంగరు, బొటనవేలు కదిలిస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు రాలేదని ఫోటో బాగాలేదనుకోకండి, బాగా వచ్చాయని బాగుందనీ అనుకోకండి. ఎందుకంటే అదే చిన్న తెర మీద కొన్ని ఖాళీ ఫోటోలు అన్యాయంగా గెలుస్తాయి కూడా, గజిబిజి ఫీడు మధ్యలో ఒక్కసారి తెల్లగా ఏదైనా వస్తే కన్ను ఆగుతుంది కాబట్టి. ఆగడం వేరు, ఉండిపోవడం వేరు.

కెన్నా పేరెత్తాను కాబట్టి ఒక పక్కమాట. హొక్కైడోలో బియేయి అనే ఊరి దగ్గర పొలంలో కాస్త వాలి నిలబడిన పాప్లర్ చెట్టు ఒకటుండేది, ఫిలాసఫర్ చెట్టని పేరు. తెల్లటి మంచులో ఆ ఒక్క చెట్టు కోసం ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి తీశారు, ఆయనా తీశాడు. వచ్చినవాళ్ళు కెమెరాలతో పొలంలోకి దిగి తొక్కేస్తుంటే, చెట్టు కూడా ముసలిదైపోయిందని, 2016 ఫిబ్రవరిలో ఆ రైతు నరికించేశాడు. నాకు రైతు మీద కోపం లేదు. అన్ని వేలమంది తీసిన ఆ చెట్టు ఫోటోల్లో ఎన్ని గుర్తున్నాయి? మినిమలిజం మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే, వస్తువు ఒక్కటే కావడంతో ఆ చోటికి వెళ్ళినవాడికల్లా అదే ఫోటో వస్తుంది. పులికాట్‌లో ఒక్క ఫ్లెమింగో, లంబసింగి మంచులో ఒక్క చెట్టు, పొలం గట్టు మీద ఒక్క తాటిచెట్టు. వాటిలో మీదేమిటి అన్నదానికి జవాబు ఉండాలి.

దానికి ఒక దారి సిరీస్. జపాన్ ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1980లో మొదలుపెట్టి ఎన్నో సముద్రాలు తీశాడు, ప్రతిదాంట్లో క్షితిజరేఖ సరిగ్గా మధ్యలో, పైన సగం ఆకాశం, కింద సగం నీళ్ళు, పడవ లేదు, పక్షి లేదు, ఒడ్డు లేదు. నిజం చెప్పాలంటే, ఒక్కటి చూస్తే నాకూ అంతంత మాత్రమే. పది వరసగా చూస్తే కథ మారిపోతుంది, ఒకచోట గీత కత్తితో కోసినట్టుంటుంది, ఇంకోచోట మంచులో గీతే ఉండదు, రాత్రి తీసినవాటిలో నల్లటి దాని మీద నల్లటిది. తేడాలు వెతకడం మొదలవుతుంది, అప్పుడు మొదట చూసిన ఫోటోలో కూడా చాలా ఉందని తెలుస్తుంది. మీరు ఎలాగూ రాజమండ్రిలోనే ఉంటారు. అదే రేవులో, అదే చోట నిలబడి, మంచున్న రోజూ లేని రోజూ, పాత హేవలాక్ వంతెన స్తంభాలు కనిపించిన రోజూ, వరదనీరు ఎర్రగా వచ్చినప్పుడూ తీయండి. ఒక ఏడాది తర్వాత ఆ పడవ ఫోటోని ఆ వరసలో పెట్టి చూపిస్తే "ఏముంది" అనేవాళ్ళు బాగా తగ్గుతారు.

ఇక చేతిపని విషయాలు, గబగబా. కెమెరా మీటరు తను చూసినదాన్నల్లా నడిమి బూడిదరంగు చేయాలని చూస్తుంది, అందుకే మంచు మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు చెప్పిన వెలుగుని మనం పెంచే, తగ్గించే సెట్టింగు) ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపుల దాకా పెంచండి (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు), కానీ హిస్టోగ్రామ్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫు, కుడిగోడకి తగలనివ్వకండి. ఫోనుతో తీస్తే దాని హెచ్‌డీఆర్ (వెలుగూ చీకటీ రెండూ కనిపించేలా సర్దే పద్ధతి) మంచులో లేని గీతలు పుట్టిస్తుంది, వీలైతే ఆపేయండి, లేదా సెన్సర్ చూసింది చూసినట్టు దాచే రా మోడ్ వాడండి. ఎడిటింగులో మంచు తగ్గించే డీహేజ్ స్లయిడర్ జోలికి వెళ్ళకండి, మంచు కోసం తెల్లారకముందే లేచి వెళ్ళింది దాన్ని తుడిచేయడానికి కాదు కదా. జేపెగ్‌లో ఇంకో ఇబ్బంది, నలుపు నుంచి తెలుపు దాకా మొత్తం 256 మెట్లే (0 నుంచి 255) ఉంటాయి. మీ ఆకాశం 235 నుంచి 250 మధ్యలో ఉందంటే అంత పెద్ద ఖాళీకి దక్కింది పదహారు మెట్లు, అందుకే పట్టీలు పట్టీలుగా కనిపిస్తోంది. రా ఫైలు నుంచి చేయండి, చివర్లో కొంచెం గ్రెయిన్ (సన్నటి నలకల గరుకు) కలపండి, పట్టీలు సర్దుకుంటాయి. సెన్సర్ మీద దుమ్ము చుక్కలు కూడా ఖాళీలోనే బయటపడతాయి, మీదాంట్లో పైన రెండున్నాయి. అవి చెరపండి, దానికి నేనేమీ అనను.

పడవ మూలన ఉండటం గురించి ఎవరో రూల్ చెప్పారు, కదిలేదాని ముందు చోటు వదలాలి, మీరు వెనక వదిలారు, తప్పు అని. తప్పేం కాదు. ముందు చోటుంటే వస్తున్నట్టుంటుంది, వెనక చోటుంటే వెళ్ళిపోతున్నట్టుంటుంది. మీ మనిషి వెళ్ళిపోతున్నాడు, బ్రిడ్జి అతని వెనక మిగిలిపోతోంది, అది చక్కగా కుదిరింది. కాకపోతే పడవ కొన కుడి అంచుకి మరీ దగ్గరగా ఉంది, అసలు ఫైలులో అటు ఇంకాస్త చోటుంటే వేలెడు వదలండి. లేకపోతే అలాగే ఉంచండి, కృత్రిమంగా సాగదీయొద్దు.

పోటీకి పంపాలా అని అడిగారు. తెర మీద కొన్ని సెకన్లలో మార్కులేసే పోటీకైతే వద్దు, ప్రింటు విభాగం ఉంటే పంపండి. నిగనిగలాడే కాగితం వద్దు, లైటు మెరుపంతా మీ మంచు మీదే పడుతుంది, మ్యాట్ కాగితం అడగండి. తెలుపుని 255 దాకా వెళ్ళనివ్వకుండా 245 దగ్గర ఆపండి, లేకపోతే ఆ భాగంలో సిరా పడక ఉత్త కాగితమే కనిపిస్తుంది, ఫోటో ఎక్కడ ముగిసి అంచు ఎక్కడ మొదలైందో తెలియదు. ఆన్‌లైన్‌లో తెల్ల పేజీ మీద పెట్టేటప్పుడూ ఇదే తంటా, చుట్టూ సన్నటి బూడిదరంగు గీత ఒకటి ఇవ్వండి. బ్రిడ్జి ఉన్న ఫైలు ఇంకా డిలీట్ చేయకపోతే అది కూడా ఇక్కడ పెట్టండి, రెండూ పక్కపక్కన చూసి మీ పెద్దవాళ్ళేమంటారో నాకూ తెలుసుకోవాలనుంది.